దుప్పటి కింది మిషన్

ఆలిస్ కుట్టిన గౌను వేసుకోకుండా చర్చి మెట్లెక్కిన పెళ్లికూతురు చిలకలగూడలో అరుదు. పోలియోతో ఆలిస్ కుడికాలు చిన్నప్పుడే చచ్చుబడింది. తొక్కడం కుదరదని కుట్టుమిషన్‌కు మోటారు పెట్టించుకుంది. ఇంతటి పనిమంతురాలు, ఎవరైనా తలుపు కొడితే చాలు, మిషన్ మీద దుప్పటి కప్పి, పైన బైబిలూ ప్లాస్టిక్ పూలూ పెట్టి దాన్ని బల్లగా మార్చేస్తుంది. పని చేస్తున్నట్టు తెలిస్తే వికలాంగుల పింఛన్ ఆపేస్తారని పక్కింటి రోసమ్మ ఎప్పుడో చెవిన వేసింది. రోసమ్మకు ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు.

వారం రోజులుగా ఆలిస్‌కు కుదురు లేదు. పద్మారావు నగర్‌లో బట్టల షాపు నడిపే వసుధ కబురు పెట్టింది. ఇంట్లో ఒకపూట కుట్టింది చాలు, రోజంతా షాపుకే వచ్చెయ్, కటింగ్ మొత్తం నీ చేతికే ఇస్తానంది. కటింగ్! ఎన్నేళ్లుగానో ఆలిస్ కోరుకున్నది అదే. కానీ షాపు ఇవాళ ఉంటుంది, రేపు మూతపడొచ్చు. పింఛన్ మాత్రం నెలనెలా తన పేరునే వస్తుంది. సరేనందామని ఫోన్ తీసేది, పెట్టేసేది. కుట్టిన కుట్టే విప్పి మళ్లీ కుట్టేది. శనివారంలోగా చెప్పమంది వసుధ.

శుక్రవారం పొద్దున తలుపు చప్పుడైంది. గబగబా దుప్పటి, బైబిలు, పూలు. కబుర్లకొచ్చి కూర్చున్న రోసమ్మ వెళ్లి తలుపు తీసింది. పింఛన్ సర్వే అట, సృజన అనే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని లోపలికొచ్చింది.

"ఆంటీ, మీరేం పని చేస్తరు?"

"ఏం చేస్త బిడ్డా, కాలు గిట్లుంటే? నాతోని ఏమైతది?" అంది ఆలిస్.

"పాపం, దానితోని ఏం కాదమ్మా. గ్లాసెడు నీళ్లు సుత తెచ్చుకోలేదు" అని వంత పాడింది రోసమ్మ.

సాయం చేద్దామనే అంది పాపం. కానీ ఆలిస్‌కు చెంప ఛెళ్లుమన్నట్టయింది. బళ్లో టీచరమ్మ, పెళ్లిచూపులకొచ్చినవాళ్లు, అందరూ అన్నది ఈ మాటే. వాళ్ల నోళ్లు మూయించడానికే ముప్ఫై ఏళ్లు మిషన్ మీద వంగింది. ఇవాళ ఆ మాట తన నోటితో తనే అనేసింది.

ట్యాబ్ మీద నొక్కబోతూ సృజన ఆగింది. ఆమె చూపు ఆలిస్ మెడ దగ్గర ఉంది. కొలతల టేపు అక్కడే వేలాడుతోంది. రోసమ్మ దగ్గింది.

ఆలిస్ టేపు తియ్యలేదు. చేతికర్ర అందుకుని లేచింది. బైబిలూ పూలూ మంచం మీద పెట్టి, దుప్పటి లాగేసింది. సూది కింద సగం కుట్టిన తెల్లగౌను బయటపడింది.

"అబద్ధం చెప్పిన బిడ్డా. నేను టైలర్‌ని. అదే రాసుకో."

"పింఛన్ పోతదే పిచ్చిదానా!" రోసమ్మ లబలబలాడింది.

"పోతదా బిడ్డా?" సృజనను అడిగింది ఆలిస్.

"నాకు తెల్వదాంటీ. చెప్పింది రాసుకునుడే నా పని. పైవాళ్లు చూస్తరు. ఫుల్ డేనా, హాఫ్ డేనా?"

వారం రోజులుగా ఆలిస్ తనను తాను అడుగుతున్నదీ అదే.

"ఫుల్ డే" అంది. "రేపటి నుంచి."