కాదన్నా అవునేనా?

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా మా ఇంట్లో నన్ను అనుమానంగా చూశారు. అప్పటికి నాకు పదేళ్లు. ఏడాది నిండని తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఏడుపు వినిపించి చూసేసరికి వాడు కింద రాళ్ల మీద ఉన్నాడు. కనుబొమ్మ చిట్లి రక్తం కారుతోంది. నా చేతులు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి.

"గుంటడు జారిపోతంటే కళ్లప్పగించి సూత్తంది. పట్టుకోనేదు, అరవనేదు," అంది వాకిట్లో ఉన్న మా నాయనమ్మ. ఆవిడ అబద్ధమాడలేదు, చూసిందే చెప్పింది. ఆ రోజు నుంచి తమ్ముణ్ణి నా చేతికివ్వడం మానేశారు. నేను ఉయ్యాల దగ్గరికి వెళ్తే ఎవరో ఒకరు వెనకే వచ్చేవారు. మా అమ్మ అరకు దగ్గర మిషన్ బడిలో టీచరు. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ మాటల్లేని ఆ చూపంటేనే నాకు ఎక్కువ భయంగా ఉండేది.

నాకు పీడకలలు మొదలయ్యాయి. బడి పక్కనున్న చిన్న ఆసుపత్రికి వారానికోసారి కొండ కింద ఊళ్ల నుంచి ఒక మనసు డాక్టరమ్మ వచ్చేది. అమ్మ నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ మందివ్వలేదు, నాడి చూడలేదు. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఏం కల వచ్చింది, ఎవరి పక్కన పడుకునేదానివి అని అడిగేది. మనకు తెలియని కోపాలు, కోరికలు చిన్నతనంలోనే మనసు అడుగున చేరతాయని, అవే మన చేత పనులు చేయిస్తాయని, మాట్లాడిస్తే బయటికొస్తాయని ఆవిడ నమ్మకం. మా నాయనమ్మకు ఆవిడంటే గిట్టేది కాదు. "గుంట కలల్తో ఆయమ్మకి పనేటి? ఇంటి గుట్టు లాగుతంది," అనేది.

నాకూ మొదట అనుమానమే. కానీ అంత ఓపికగా నా మాట విన్నవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు. కొన్నాళ్లకు, తమ్ముడు పుట్టాక అమ్మ పక్కన నా చోటు పోయిందని, చలిలో ఒక్కదాన్నే గోడవైపు తిరిగి పడుకుంటున్నానని చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాను. సంగతి తెలిసి అమ్మ నన్ను మళ్లీ తన పక్కలోకి తీసుకుంది. పీడకలలు తగ్గిపోయాయి. అది డాక్టరమ్మ చలవే.

తర్వాతి వారం ఆవిడ అమ్మను కూడా కూర్చోమంది. "పాపకు తమ్ముడి మీద అసూయ. వాడు లేకపోతే బాగుండునని లోలోపల అనుకుంది. ఆ కోరికే చేతులు వదిలించింది. ఆ సంగతి తనకే తెలియదు," అంది.

"నేను కావాలని వదల్లేదు," అన్నాను.

ఆవిడ జాలిగా నవ్వింది. "ఇంత గట్టిగా కాదంటోందంటే, లోపల అంత బలంగా ఉందన్నమాట."

ఊరుకుంటే ఒప్పుకున్నట్టు, కాదంటే ఇంకా ఒప్పుకున్నట్టు. నాకు తెలియని పిల్ల ఎవరైనా నాలో దాక్కుందా అని నా చేతుల వంక నేనే అనుమానంగా చూసుకున్నాను.

మా అమ్మ నా చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అవునన్నా అవునే, కాదన్నా అవునేనా డాక్టరమ్మా? మరి మా గుంట ఏటి సెప్తే మీ మాట తప్పని తెలుస్తాది?"

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. కిటికీలోంచి వాన చూస్తూ చాలాసేపు కూర్చుంది. "ఏం చెప్పినా తెలియదమ్మా," అని చివరికి ఒప్పుకుంది. అప్పుడు కొత్త ప్రశ్న వేసింది. "బడిలో ఎప్పుడైనా ఉన్నట్టుండి ఆగిపోతుందా? పిలిచినా పలకదా?"

అమ్మ ముఖం మారిపోయింది. "ఎక్కం సెప్తా సెప్తా ఆగిపోద్ది. ఊరికే పెదాలు సప్పరిస్తాది. పరాకనుకుని కసిరేదాన్ని."

డాక్టరమ్మ మమ్మల్ని విశాఖ పెద్దాసుపత్రికి పంపింది. సొరంగాల్లోంచి రైలు దిగుతున్నంతసేపూ అమ్మ నా చెయ్యి వదల్లేదు. అక్కడ తలకు తీగలు అంటించి పరీక్ష చేశారు. మూర్ఛ అన్నారు. కింద పడి కొట్టుకునేది కాదు, కళ్లు తెరిచే ఉండి కాసేపు తెలివి తప్పే రకం. మాత్రలు వాడాక మెల్లగా తగ్గుముఖం పట్టింది.

డాక్టరమ్మ వానలో తడుస్తూ మా ఇంటికొచ్చింది. "నేను తొందరపడ్డాను. పాప తప్పేం లేదు," అని అందరి ముందూ చెప్పింది. నన్ను దగ్గరికి పిలిచి, "నీకు అసూయ ఉన్న మాట నిజమే. వాడు పడింది మాత్రం అందువల్ల కాదు," అంది. నాయనమ్మకు ఆవిడ మీద గురి అప్పటికీ కుదరలేదు. అయినా తమ్ముణ్ణి తెచ్చి నా ఒళ్లో పెట్టింది, పెట్టి తను నాకు ఆనుకునే కూర్చుంది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఎదుటివాళ్ల మనసు చదివేశామనేవాళ్లు మా కొండల్లోనూ ఎక్కువయ్యారు. మనసు అడుగున మనకు తెలియనిది ఉంటుందని నేను నమ్ముతాను. నాలో ఉండింది, ఒకరు కూర్చుని వింటే బయటికొచ్చింది. కానీ నా లోపలి సంగతి నాకంటే తమకే తెలుసని ఎవరైనా అంటే, అమ్మ అడిగిందే అడుగుతాను. కోపం తెచ్చుకునేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేస్తాను. ఆలోచనలో పడ్డవాళ్ల దగ్గర మాత్రం ఇంకాసేపు కూర్చుంటాను.