మిర్గం నాడు తిని పోయిన రెండు రొట్టెలు

నేను పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. మా అమ్మకు గుర్తున్నది ఒక్కటే. మిర్గం నాడు, పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుండగా ఆమెకు నొప్పులు వచ్చాయట. ఆ పులుసు దించింది మా అవ్వే, నన్ను చేతుల్లోకి తీసుకుంది కూడా మా అవ్వే.

మిర్గం అంటే మృగశిర కార్తె మొదటి రోజు. మా కోస్గి దిక్కు ఎండాకాలం చివరికి చెరువుల్లో మోకాటి లోతు బురదే మిగులుతుంది. అందులో దిగి చేతులతోనే చేపలు పట్టుకొచ్చేవాళ్లు. ఆ రోజు చేప తింటే వానాకాలం రోగాలు రావని అందరి ఇళ్లలోనూ అదే కూర. వస్తాయో రావో నాకు తెలియదు. నేను మాత్రం ఏటా వండాను, ఏటా అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన పులుసులో రొట్టె ముంచుకుని తిన్నాను. మా ఇళ్లలో ఆడవాళ్లు అలాగే తినేవాళ్లు. పొయ్యి వైపు తిరిగి, గబగబా, ఎవరి కంటా పడకుండా.

పెళ్లయిన ఆరేళ్లకు మేమిద్దరం నందికొండకు పనికి పోయాం. అక్కడ ఏటి మీద డ్యాం కడుతున్నారు. మా ఆయన రాళ్లు చెక్కేవాడు, నేను సున్నం తట్టలు మోసేదాన్ని. మా బిడ్డ కోస్గిలో మా అమ్మ దగ్గరే ఉండేది. మాకు తడికెల గుడిసె ఒకటి ఇచ్చారు. దాంట్లో పడుకుంటే కాళ్లు గుమ్మం దాటేవి.

ఒక సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుంటూ అడిగాడు.

"నీకు ఎన్నేండ్లే?"

"ఏమో. మా అమ్మనడుగు."

"మిర్గం నాడు పుట్టినవని మీ అమ్మ అన్నది గద. మిర్గం ఇంకెనిమిది దినాలున్నది."

"ఉంటే?"

"మా మేస్త్రి ఉన్నడు సూడు, ఆయన పెండ్లానికి పుట్టినరోజని హోటల్‌కు దీస్కపోయిండట. మనం గూడ పోదాం. చేపల హోటల్‌కు."

నాకు నవ్వొచ్చింది. "మేస్త్రి పెండ్లాం చెప్పులేస్కొని నడుస్తది. నాకు చెప్పులున్నయా?"

"తినేది చెప్పులతోనానే?"

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. ఆయన నవ్వలేదు. చెంబు కింద పెట్టి, "ఆరేండ్లాయె. నువ్వు తినంగ నేనెన్నడు సూడలె. ముందట కూసొని కడుపునిండ తినంగ ఒక్కసారి సూడాలె," అన్నాడు.

ఇంత మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. పొయ్యిలో పుల్ల ఎగదోశాను.

ఆ ఆదివారం పని లేదు. హోటలు చూద్దాం పద అని బయలుదేరదీశాడు. "నీ పుట్టినరోజు. నువ్వే సూసి చెప్పు, ఏది బాగుంటె అండ్లకు పోదాం," అన్నాడు. నా జన్మలో నన్నెవరూ ఏదీ చూసి చెప్పమనలేదు. చీర కూడా కొని తెచ్చి చేతిలో పెట్టేవాళ్లే.

డ్యాం పనివాళ్ల కాలనీ కింది రోడ్డు మీద చేపలు వండే జాగాలు మూడు ఉండేవి. మొదటిది కోస్తా నుంచి వచ్చిన ఒకాయనది. రేకుల కప్పు, బల్లలు, కుర్చీలు. గడప దగ్గర నిలబడ్డామో లేదో ఆయన లేచి, "రండమ్మా, లోపలికి దయచేయండి, కూర్చోండి," అన్నాడు. అంత మర్యాద నాకు అలవాటు లేదు. కుర్చీలో కూర్చుని కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. వెనక్కి తిరిగి నడిచాను. మా ఆయన నా వెనకాలే వస్తూ, "ఆయన కూసోమన్నడే, జైల్ల ఎయ్యలే," అని నవ్వాడు.

రెండోది నల్లగొండ సాయబుది. లోపల మూలకు ఒక పాత పరదా కట్టి ఉంది. దాని వెనక ఒక బల్ల. ఆడవాళ్లతో వచ్చినవాళ్లు అక్కడ కూర్చుంటారని చెప్పాడు.

మూడోది ఆ రోడ్డు చివర, ఏటి ఒడ్డున ఒక బెస్తామె గుడిసె. గుడిసె ముందు పందిరి, పందిరి కింద ఈతాకు చాపలు. మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద మట్టికుండ. మా ఆయన కుండ పక్కన గొంతుక్కూర్చుని కళ్లు మూసుకుని వాసన పీల్చాడు. "మీ అమ్మ పులుసు వాసనే గిట్లుంటది," అన్నాడు. ఆయన మొహం ఆ ఆవిరిలో చిన్నపిల్లాడి మొహంలా ఉంది. అక్కడే తినాలని ఆయనకు ఉందని నాకు అప్పుడే తెలిసింది. తెలియలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను.

కానీ అక్కడ ఆడా మగా అందరూ ఒకే చాప మీద తింటున్నారు. నాతో తట్టలు మోసే ఇద్దరు ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఒకామె నన్ను చూసి ఎంగిలి చెయ్యి ఊపింది.

"ఏమే, మొగుణ్ణి గూడ దెచ్చుకున్నవా? రా, కూసో! ఈయాల మంచిగ దిను, రేపు నువ్వొక్కదానివే రెండు తట్టలు మోస్తవు!"

అందరూ నవ్వారు. మంచి నవ్వే, వెక్కిరింపు లేదు. అయినా నా ఒళ్లు ముడుచుకుపోయింది. నలుగురిలో నోరు తెరిచి అన్నం పెట్టుకోవడం తలచుకుంటేనే చెమట పట్టింది. ఏటి ఒడ్డు దాటాక చెప్పేశాను.

"సాయబు హోటల్. పరదా ఉన్నది."

ఆయన ఒకసారి వెనక్కి, పందిరి వైపు చూశాడు. "సరే. నువ్వు చెప్పిందే," అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా అవ్వ మాకు నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. ఎవరి గడపకూ ఆకలితో పోకూడదు. ఆకలితో పోతే చెయ్యి ఆగదు, చూసినవాళ్లు వీళ్ల ఇంట్లో పొయ్యి వెలగడం లేదు కాబోలు అనుకుంటారు. కరువు చూసిన మనిషి ఆమె. గంజి లేని రోజున కూడా పెదవులకు ఇంత నూనె రాసుకుని బయటికి పోయేదట, తిన్నట్టు కనబడాలని. మేము పెళ్లికి పోయినా ఒక రొట్టె నమిలి పోయేవాళ్లం. పెట్టింది కొంచెం కొరికి, చాలు చాలు అని చెయ్యి అడ్డం పెట్టేవాళ్లం. అదే మా పరువు.

మిర్గం రోజు మా ఆయన మధ్యాహ్నం దాకానే పని చేసి వస్తానన్నాడు. పొద్దున సద్ది కట్టబోతే, "ఈయాల వద్దు," అని వట్టి చేతులతో పోయాడు. ఎందుకు వద్దన్నాడో నాకు తోచలేదు. సూర్యుడు నెత్తి మీదికి వచ్చేసరికి నేను పొయ్యి ముట్టించి, రెండు జొన్నరొట్టెలు చేసుకుని, ఉల్లిగడ్డ, కారంతో తిన్నాను. మూతి తుడుచుకుని పెళ్లినాటి చీర కట్టుకున్నాను. ఆయన వచ్చేసరికి గడపలో తయారుగా ఉన్నాను. నన్ను చూసి, "పెండ్లి పిల్లవే!" అన్నాడు.

సాయబు పరదా ఎత్తి లోపల కూర్చోబెట్టాడు. మా ఆయన ముందే చెప్పి కొర్రమట్ట చేప పెట్టించాడట, ముళ్లు తక్కువని. రెండు పళ్లేలు వచ్చాయి. అన్నం పొగలు కక్కుతోంది. పులుసు మీద నూనె తేలుతోంది. మా ఆయన తన పళ్లెం ముట్టుకోకుండా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నా వైపు చూస్తూ కూర్చున్నాడు.

"తిను."

"నువ్వు తిను."

"నువ్వు మొదలువెట్టు. నేను సూస్త."

"నేను తిన్న."

"ఏం దిన్నవు?"

"రెండు రొట్టెలు. నువ్వొచ్చే ముంగట."

మొదట ఆయన వేళాకోళం అనుకుని నవ్వాడు. నా మొహం చూశాక నవ్వు ఆగింది.

"హోటల్‌కు తిననీకొస్తరు. నువ్వు తినొచ్చినవా?"

"ఆకలితోని ఎట్లొస్త? నలుగురి ముంగట ఎగవడి తిన్నట్టుంటది."

"నలుగురు యాడున్నరే? పరదా ఉన్నది, నేనున్న."

పళ్లెం అంచున పడ్డ మెతుకును వేలితో లోపలికి తోశాను.

"నేను పొద్దుగాల్నుంచి నీళ్లు దాగి ఉన్న," అన్నాడు మెల్లగా.

ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. దిగలేదు. రొట్టెలు కడుపులో రాళ్లలా కూర్చున్నాయి. ఆకలి లేక కొంత, సిగ్గుతో కొంత, ఆయన కళ్లు నా చేతి మీదే ఉండడం వల్ల కొంత. రెండో ముద్ద కలిపి కలిపి పళ్లెంలోనే వదిలేశాను. పరదా అవతల నుంచి సాయబు అడిగాడు, "చెల్లె, జర పులుసు తేవాల్నా?"

"వద్దు సాయబూ. ఆమెకు కడుపు నిండిందట," అని మా ఆయనే చెప్పాడు.

తర్వాత ఆయన తిన్నాడు. నేను చెంప కింద చెయ్యి పెట్టుకుని చూశాను, ఇంట్లో చూసినట్టే. సగంలో తలెత్తి, "ఈడ గూడ గిట్లనే సూస్తున్నవు," అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. చెయ్యి కడుక్కున్నాడు.

నా పళ్లెంలోది సాయబు మోదుగాకులో కట్టిచ్చాడు. దారిలో మా ఆయన నాకంటే రెండడుగులు ముందు నడిచాడు. గుడిసెలు కనబడుతుండగా ఆగి, "వచ్చే మిర్గానికి ఏటి పొంటి బెస్తామె కాడికి పోదాం. ఆ దినం పొయ్యి ముట్టియ్యకు. ముట్టిస్తె కడివెడు నీళ్లు కుమ్మరిస్త," అన్నాడు. నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. అంతటితో సర్దుకుందనుకున్నాను.

సాయంత్రం ఆయన బయట బండ మీద కూర్చుని బీడీ కాలుస్తుంటే నేను లోపల మోదుగాకు విప్పి, పొయ్యి వైపు తిరిగి, ముల్లు కూడా వదలకుండా తిన్నాను. చాలా బాగుంది. బాగుందని ఆయనకు చెప్పలేదు. బయటికి పోయి, ఆకు చేతిలో పట్టుకుని, ఆయన ముందు కూర్చుంటే అయిపోయేది. పది అడుగులు కూడా లేవు.

చలికాలంలో ఆయనకు దగ్గు పట్టుకుంది. రాతి దుమ్ము అన్నారు, చలి అన్నారు. ఎండలు ముదిరేనాటికి దవాఖానలో పండబెట్టారు. మళ్లీ మిర్గం వచ్చింది. ఇంట్లోనే పులుసు వండి గిన్నెలో తీసుకుపోయాను. ఆయన రెండు చెంచాల పులుసు తాగి గిన్నె నా వైపు తోశాడు.

"నువ్వు తిను. నేను సూస్త."

ఆ గదిలో ఎనిమిది మంచాలు. ప్రతి మంచం పక్కా మనుషులే. పక్క మంచం ముసలాయన మా గిన్నె వైపే చూస్తున్నాడు.

"ఇంటికి వోయి తింట లే."

"ఈయాల నీ పుట్టినరోజు."

"ఇంటికి వోయి తింటనంటి గద."

"సరే," అన్నాడు. పట్టు పట్టలేదు. మేస్త్రితోనైనా పట్టు పట్టే మనిషి. ఆ రోజు పట్టు పట్టి ఉంటే ఏమో, ఒక ముద్ద తినేదాన్ని. ఆయనకు ఓపిక లేదు, నాకు బుద్ధి లేదు.

ఆరుద్ర కార్తె దాటకముందే పోయాడు.

మరుసటి ఏడు మిర్గం నాడు నేను పొయ్యి ముట్టించలేదు. మంచినీళ్లు కూడా తాగలేదు. మధ్యాహ్నం ఒక్కదాన్నే ఏటి ఒడ్డుకు పోయాను. మొగుడు పోయి ఏడాదైందో లేదో హోటలుకు పోతోందని చూసినవాళ్లు అనుకున్నారేమో. అనుకోనీ.

బెస్తామె నన్ను ఎగాదిగా చూసింది.

"ఒక్కదానివేనా బిడ్డా?"

"ఒక్కదాన్నే."

"నిన్ను జూసిన నేను. ముందటేడు మొగనితోని వొచ్చి వాసన జూసి వోయినవు. తెల్లారి ఆయనొక్కడే మల్ల వొచ్చిండు. మా ఇంటామెకు సిగ్గు, చాటుకు జర జాగా ఉంటదా అని అడిగిండు. దానిదేమున్నది, చాప అడ్డం గడత అన్న. మా ఆమె ఇంకో హోటల్ మెచ్చింది, ఇంకోసారి అడిగి సూస్త అని వోయిండు. మల్ల రాలె. యాడున్నడు?"

చెప్పాను. ఆమె గరిటె కుండలోనే వదిలేసింది. ఆయన నన్ను ఇంకోసారి అడగలేదు. నేను అంత గట్టిగా చెప్పాను కాబోలు, అడగబుద్ధి కాలేదేమో. అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నా? ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను, తేలలేదు.

"ఈయాల గట్టాల్నా అడ్డం?" అని అడిగింది బెస్తామె.

"వద్దు."

అందరి మధ్య చాప మీద కూర్చున్నాను. పక్కన ఇద్దరు కూలీలు, ఎదురుగా ఒక ముసలావిడ. ఆకలికి చెయ్యి ఆగలేదు. రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుని, వేళ్లు నాక్కుని, కడుపు నిండా తిన్నాను. నన్నెవరూ చూడలేదు. ఎవరి పళ్లెం వాళ్లది.

పులుసు మా అమ్మ చేసినట్టు లేదు. వాసన ఒక్కటే అలా ఉంది. చింతపండు ఎక్కువైంది, ఉప్పు తక్కువైంది. ఆయన ఉంటే మొదటి ముద్దకే మొహం చిట్లించేవాడు. ఇంతదూరం దీస్కొచ్చి గిదా నువ్వు తినవెట్టేది అని నేను తిట్టేదాన్ని.