బంద్‌నాడు కొలిచిన వాన

రాత్రంతా కురిసిన వాన తెల్లారినా ఆగలేదు. ఆ రోజు ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ బంద్. లింగంపల్లిలో రైళ్లు లేవు, ఆటోలు లేవు. నేనూ ఆ ఒక్కరోజు సమ్మెలో ఉన్నదాన్నే. అయినా ఏడింటికే గొడుగు పట్టుకుని గోపన్‌పల్లి వైపున్న మా వ్యవసాయ కేంద్రానికి నడక మొదలుపెట్టాను. అక్కడి వానమాపకాన్ని రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి అంకె రాయడం నా పని. దాని లోపల ఒక సీసా ఉంటుంది. అది నిండి పొర్లిందంటే ఎంత వాన పడిందో ఇక ఎవరూ చెప్పలేరు. రేపు ఎంత మేధావి వచ్చినా నిన్నటి వానను మళ్లీ కురిపించలేడు కదా!

దారిలో కొత్త అపార్టుమెంట్ల సెల్లార్లలోంచి మోటార్లు పెట్టి నీళ్లు తోడుతున్నారు. ఒక్క రాత్రిలో ఇక్కడ ఎంత కురవగలదో మా పాత పుస్తకాల్లో ఉంది. కట్టేముందు అడిగిందెవరు?

కేంద్రం గేటు దగ్గర సమ్మెవాళ్లు కూర్చున్నారు. నా ఈడు ఆటో డ్రైవరొకడు లేచి చేతులు అడ్డం పెట్టాడు.

“ఏందక్కా, గిట్ల సప్పుడు జేయకుంట డ్యూటీకి పోతున్నవ్? సిగ్గనిపిస్తలేదా?”

“డ్యూటీకి ఎవలు పోతున్నరు తమ్మీ? హాజరు రిజిస్టర్ల సంతకం పెట్టను. వాన కొలిచి ఎల్లిపోత.”

“ఒక్కరోజు కొలవకపోతె ఏమైతది? సున్న ఏసుకో.”

నాకు ఒళ్లు మండింది.

“సున్న అంటే వాన పడలేదని! నువ్వు నిలువునా తడిసి నిలబడ్డవ్, నిన్ను జూస్కుంట సున్న ఎట్ల ఏస్త? మన నీళ్లు మనకు గావాలని గొంతు చించుకుంటున్నవ్ గద. రేపు మన తాన ఎంత వాన పడ్డదని అడిగితె, బంద్ ఉండె, ఎరుకలేదంటవా?”

వెనకున్నవాళ్లు పకపకా నవ్వారు. ఆయన తల గోక్కున్నాడు. “మాటలతోనే సంపుతున్నవక్కా. సరే పా, నేను గూడ వస్త. సంతకం గిన పెట్టినవో, సూస్కో మల్ల!”

మూత తీస్తే, సీసా మెడ దాకా నీళ్లు! ఒక్క చుక్క పోలేదు! నాకు గంతులేయాలనిపించింది. కొలత గ్లాసులో విడతలు విడతలుగా పోసి చదువుతూ, చివరి విడత గ్లాసును ఆయన చేతికిచ్చాను. “కండ్లకు సమానంగ పట్టు, గీత జూడు.” ఊపిరి బిగబట్టి చదివాడు. నేను వాన రిజిస్టర్‌లో రాశాను. హాజరు పట్టీ జోలికి పోలేదు.

మర్నాడు, కోస్తా నుంచి వచ్చిన మా ఆఫీసరు రెండు రిజిస్టర్లూ ముందేసుకున్నారు.

“ఏమండీ మేడం, ఇందులో మీరు రాలేదు. అందులో వాన కొలిచారు. ఏది నిజమండీ?”

“రెండూ నిజమే సార్.”

“అలా కుదరదండీ. హాజరన్నా వేయించుకోండి, లేకపోతే ఈ అంకె కొట్టేస్తాను. రాని మనిషి రీడింగు ఎలా చెల్లుతుంది?”

సమ్మెలో ఉండి హాజరా? పోనీ, అంత వాననూ పడనట్టు చెరిపేయడమా? రెండిటికీ మనసొప్పలేదు. గబగబా వెళ్లి పాత బీరువా తెరిచాను. ప్రతి వేసవీ ఆ పుస్తకాలన్నిటినీ నేనే మిద్దెమీద ఎండబెడతాను. అందుకే ఆఫీసులో నా పేరు వడియాల మేడం. మొదటి తెలంగాణ ఉద్యమం నాటి పుస్తకం తెచ్చి ఆయన ముందు తెరిచాను. ఒక అంకె పక్కన పెన్సిలుతో ఎవరో రాశారు: “కర్ఫ్యూ. పొలాలకు అడ్డంపడి వచ్చి పదిన్నరకు కొలిచాను.”

“ఈయనెవరో మీకు తెలుసా సార్? నాకూ తెలీదు. ఆనాటి హాజరు పట్టీ ఎప్పుడో చిత్తుకాగితాల్లో పోయింది. వాన మాత్రం ఇదిగో, ఉంది. దీన్ని కూడా కొట్టేస్తారా?”

ఆయన ఆ పెన్సిలు రాతను వేలితో తడిమారు. “మహా మొండివారండీ మీరు,” అంటూ నా అంకె పక్కన పొట్టి సంతకం చేశారు. నా గైర్హాజరును అలాగే ఉంచారు.

నేను కలం అందుకుని ఆ వాన అంకె పక్కనే రాశాను: “బంద్. సరిగ్గా ఎనిమిదిన్నరకే కొలిచాను.”

ఆ పెన్సిలాయన కంటే రెండు గంటలు ముందు!