పైపుకు కట్టిన సైకిల్ ట్యూబు

నా చిన్నప్పుడు మా ఊరి నుంచి నారాయణఖేడ్ దవాఖానకు పోవాలంటే మంజీర దాటాలి. చుట్టూ తిరిగి పోయే దారి ఉండేది కానీ, పొద్దున బయలుదేరితే పగలంతా ఆ దారిలోనే గడిచిపోయేది. మా పెద్దనాయన బొంబాయికి కూలికి పోయి తిరిగొస్తూ, పాత సామాన్ల బజారులో ఒక పడవ మోటరు కొనుక్కొచ్చాడు. కిరోసిన్‌తో నడిచేది. దాన్ని తన చేపల పడవకు వెనక బిగించి, ఇంట్లో మనిషిలాగే చూసుకునేవాడు. అది పెద్దమ్మకు సవతి అని ఊరంతా ఆటపట్టించేవారు. పెద్దమ్మ కూడా నవ్వేది.

ఒక వానాకాలం పెసర చేనులో పెద్దమ్మను పాము కరిచింది. పెద్దనాయన ఆమెను ఎత్తుకొచ్చి పడవలో పడుకోబెట్టాడు. నాయనమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. నేనూ వెంట ఎక్కాను. నన్ను దిగమనే తీరిక ఎవరికీ లేకపోయింది. నీళ్ళ నడుమకు వచ్చాక మోటరు దగ్గి దగ్గి ఆగిపోయింది. పెద్దనాయన తాడు లాగాడు, లాగుతూనే ఉన్నాడు. డబ్బాలో కిరోసిన్ నిండుగానే ఉంది. పైపు పొడవునా చేత్తో తడిమాడు, ఎక్కడా చుక్క కారడం లేదు. చివరికి తెడ్డు అందుకున్నాడు. అవతలి ఒడ్డు చేరేసరికి పెద్దమ్మ లేదు.

సమాధి చేసి వచ్చాక ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మోటరును వాకిట్లో పెట్టుకుని దాని ముందే కూర్చునేవాడు. పెట్టిన అన్నం పళ్ళెంలోనే ఎండిపోయేది. అది ఎందుకు ఆగిందో తెలిస్తే ఇప్పుడు ఏమొస్తుందని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. తెలిస్తే మనిషి ఇంకా పాడవుతాడేమోనని నాకు భయంగా ఉండేది.

ఒకరోజు నన్ను పిలిచి బట్టల సబ్బుతో నురగ చేయమన్నాడు. డబ్బా ఖాళీ చేసి, అక్కడి నుంచి మోటరుకు పోయే పైపంతా ఆ నురగ పూశాడు. పైపు నడుమ, కిరోసిన్‌ను ముందుకు తోయడానికి, చేత్తో నొక్కే రబ్బరు ఉండ ఒకటి ఉంటుంది. దాన్ని పిసికాడు. పైపుకు అతుకు ఉన్న చోట నురగ బుడగలు బుడగలుగా పొంగింది. ఆ అతుకు ఆయన వేసిందే. పొలం ఇంజను పైపు చిరిగితే మా దగ్గర అందరూ చేసినట్టే, సైకిల్ ట్యూబు పేలిక చుట్టి కట్టాడు. నీళ్ళ పైపుకైతే ఆ కట్టు ఏళ్ళ తరబడి ఆగుతుంది. కిరోసిన్ తగిలితే రబ్బరు ఉబ్బి వదులవుతుంది. పైగా నీళ్ళ పైపు బయటికి కారి తన సంగతి తాను చెబుతుంది. మోటరు అలా కాదు, అది కిరోసిన్‌ను పీల్చుకుంటుంది. సందు ఉంటే గాలి లోపలికి పోతుందే తప్ప బయట చుక్క కనబడదు.

"నేనే కట్టిన," అన్నాడు పెద్దనాయన. "నా చేతులతోటే సంపుకున్న."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నాయనమ్మ అరుగు దిగి వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"మోటరు ఆగకముందే పాణం పోయింది కొడుకా. చెప్తే నువ్వాడనే కూలబడ్తవని చెప్పలే. గా పైపు మంచిగున్నా గంతే అయితుండె," అంది.

ఆదివారం చర్చికి పోయే ముందు పిల్లలందరి చేత ఆ వారం ఆడిన అబద్ధాలు ఒప్పించే మనిషి ఆమె. కానీ ఆ రోజు పడవలో, మోటరు ఆగిన చాలాసేపటికి పెద్దమ్మ కళ్ళు తెరిచి, "ఒడ్డొచ్చిందా" అని గొణిగింది. తెడ్డు వేస్తున్న పెద్దనాయనకు వినబడలేదు. "ఒచ్చింది బిడ్డా" అని నాయనమ్మే జవాబు చెప్పింది. అది నేను విన్నానని ఆమెకు తెలుసు. ఇప్పుడు నా వైపు చూసింది. బెదిరించే చూపు కాదు, బతిమాలే చూపు. పెద్దవాళ్ళు పిల్లల వైపు అలా చూస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. నోరు మూసుకున్నాను. చాలాసేపటికి పెద్దనాయన లేచి చేతులు కడుక్కున్నాడు. ఆ పూట కొంచెం అన్నం తిన్నాడు.

నాయనమ్మ ఎప్పుడో పోయింది. మొన్నటి వానాకాలంలో పెద్దనాయన మంచం పడితే చూడబోయాను. నా జుట్టూ నెరిసింది. గదిలో ఎవరూ లేనప్పుడు అడిగాడు.

"నువ్వు పడవలనే ఉంటివి గదా బిడ్డా. నిజం చెప్పు, మీ పెద్దమ్మ ఎప్పుడు పోయింది?"

"మోటరు ఆగకముందే, పెద్దనాయనా," అన్నాను తడుముకోకుండా.

"మీ నాయనమ్మ గూడ గిట్లనే అన్నది." గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "పాపం, ఇన్నేండ్లు మోసినవ్."

ఆ వారమే ఆయన పోయాడు. ఇంకా ఎవరి కోసమో నాకు తెలియదు గానీ, ఎవరైనా అడిగితే ఇప్పటికీ మోటరు ఆగకముందే అనే చెబుతున్నాను.