మళ్లీ పాడని పాటలు

మొన్న గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలు బేరమాడుతుంటే, పక్కనున్న ఆవిడ మల్లెల మూర ఎత్తి కమ్మగా వాసన చూసి, పూజకు పొట్లం కట్టమంది. "అయ్యో, ఎంగిలైపోయిందమ్మా" అన్నాను నేను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. ఆవిడ తప్పేం లేదు. ఆ మాట మా మేనత్తది. ఇన్నేళ్లయినా నా నోటిని వదల్లేదు.

చిన్ననాడే భర్త పోయి మా బాపు పంచన చేరిన అత్తకు, ఆస్తి అనదగ్గది గౌలిపురలో మా ఇంటి వెనక వాకిలి ఒక్కటే. నందివర్ధనం, ఎర్ర గన్నేరు, కాస్త మరువం, గోడ అవతల, మేం పిన్ని వరసన ఖాలా అని పిలిచే ముస్లిం ఆవిడ చెట్టు నుంచి ఇటు వాలిన జామకొమ్మ. నిజాం జమానా, పందొమ్మిదొందల ముప్పైల నాటి సంగతి. తెల్లవారకముందే పూలు కోసుకొచ్చి, దేవుడి గూటి ముందు కూర్చుని రోజుకో కొత్త పాట కట్టి పాడేది. అక్షరం ముక్క రాదు. కొమ్మ మీద కొట్లాడుకునే చిలకలు, వీధిలో నెమరేసే బర్రెలు అన్నీ పాటలోకొచ్చేవి. వాన ఆలస్యమైతే దేవుడికి చీవాట్లూ పడేవి. కోసిన పువ్వును వాసన చూడకూడదు కనక, పాటను ముందుగా కూనిరాగమైనా తీసేది కాదు. ఒకసారి పెట్టిన పువ్వును మళ్లీ పెట్టకూడదు కనక, పాడిన పాట మళ్లీ పాడేది కాదు. వాడిన పూలతో పాటు అదీ మూసీ పాలే. "దేవునికి రోజూ వేడివేడి పాట, మనకేమో సద్దన్నం" అని బాపు ఎగతాళి చేసేవాడు.

తలుపు చాటున నేనూ, నమాజు ముగించుకుని గోడ అవతల ఖాలా వినేవాళ్లం. ఇంకోసారి పాడమని నేను కొంగు పట్టుకుంటే, "దేవునికిచ్చినంక నాదేడిది బిడ్డా" అనేది. ఎంత పట్టి ఉంచుకుందామన్నా, నిన్నటి పాటను ఇవాళ్టిది తుడిచేసేది. కవిత్వమంటే నాకు పిచ్చి పట్టింది ఆ తలుపు చాటునే. పెళ్లయి హుస్సేనీ ఆలం వెళ్లాక కూడా, ఏ చిలక అరిచినా అత్త దీన్నేమని పాడేదో అనుకునేదాన్ని.

నలభైల చివర్లో అత్త మంచాన పడింది. మతి చెదిరింది. నన్ను గుర్తుపట్టేది, పూట గుర్తుండేది కాదు. ఒక పొద్దున నేను చూడ్డానికి వెళ్తే, నా చెయ్యి పట్టుకుని, "నేనేందో పాడుతుంటినే. ఒక్కటి ఇనిపియ్యవే" అంది. చిలకలు యాదికొచ్చాయి, బర్రెలు యాదికొచ్చాయి, ఒక్క పాదం రాలేదు. పరుగున వెళ్లి ఖాలాను పిలుచుకొచ్చాను. ఖాలా మంచం పట్టె మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. "మాటలు యాద్ లేవు బేటీ. రాగం ఉంది" అని, కళ్లు మూసుకుని సన్నగా ఎత్తుకుంది. వాన కోసం దేవుణ్ణి కోప్పడే పాట. మాటలు లేకపోయినా పోల్చుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

అత్త కళ్లు విప్పార్చి, చిన్నపిల్ల కథ విన్నట్టు చివరిదాకా విన్నది.

"మస్తుగున్నది. ఎవరు కట్టిన్రే?"

"నువ్వే అత్తా."

అత్త బోసినోటితో నవ్వింది. "పో పిల్లా. నాకేడొస్తదే గింత మంచిగ" అని, అటు తిరిగి పడుకుంది. ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ వారమే పోయింది.

ఆ తర్వాత నేను చాలా రాశాను, అచ్చు వేయించాను, శాలువాలూ కప్పించుకున్నాను. కాలం మనుషుల్ని తీసుకుపోతుందని అందరూ అంటారు; తీసుకుపోయే ముందు, వాళ్లది వాళ్లకే కాకుండా చేసి మరీ తీసుకుపోతుందని నాకు ఆ పొద్దునే తెలిసింది.