మంగళం తర్వాత

సన్నీవేల్‌లో మా అపార్ట్‌మెంట్ల మరమ్మతులు చూసే రూబెన్ ఒర్తేగా గారు, మేం నేలమీద కూర్చుని భజన చేసుకుంటామని తెలిసిన నాటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే కమ్యూనిటీ హాలు తడిగుడ్డతో తుడిచి ఉంచేవారు. ఎవరూ అడగలేదు. తుడిచి, కిటికీలు తెరిచి, బూట్లు విడిచి, చివర గోడకానుకుని కూర్చునేవారు. ప్రసాదం పెడితే దోసిలి పట్టేవారు. అలా పట్టాలనీ ఎవరూ చెప్పలేదు.

ఆయన గిటారు వాయిస్తారని మాకు చాలాకాలం తెలియదు. 1981 వేసవిలో మా వంటింటి పైపు కారుతోందని పిలిస్తే కుడి మణికట్టుకు పట్టీ కట్టుకుని వచ్చారు. పనివల్ల కాబోలు అనుకుని, కాఫీ ఇచ్చి అడిగాను. అప్పుడు చెప్పారు.

హైస్కూల్లో ఉండగా తనూ మరో ముగ్గురు కుర్రాళ్ళూ కలిసి బ్యాండ్ పెట్టారట. పాడేవాళ్ళు లేరు, మాటల్లేవు. గిటార్లు, డ్రమ్ములు, అంతే. పగలంతా సర్ఫింగ్ పలకలమీద నిలబడి అలల్లో తేలే పిల్లలకి, సాయంత్రం ఆ అలల హోరునే తీగలమీద వినిపించేవారట. ఒకే తీగను పైకీ కిందికీ ఊపిరాడనంత వేగంగా మీటాలి. ఆ మోత స్ప్రింగులున్న పెట్టెలోంచి వెళ్ళి, నీళ్ళలో తడిసినట్టు వణుకుతూ బయటికొస్తుంది. వాళ్ళ బాణీ ఒకటి 1963 వేసవంతా రేడియోలో మోగింది. మరుసటేడు పాడే బ్యాండ్లు ఇంగ్లండు నుంచి వచ్చాయి. వీళ్ళని అడిగేవాళ్ళు లేకపోయారు. డ్రమ్ములు వాయించే అతను వియత్నాం వెళ్ళి తిరిగి రాలేదు. రూబెన్ గారు పైపుల పని నేర్చుకున్నారు.

చాలా ఏళ్ళకి జనానికి ఆ పాత రోజులమీద బెంగ పుట్టింది. శాంటా క్రూజ్ ఒడ్డున ఒక హోటల్ యజమాని ఆయన్ని వెతికి పిలిచాడు. వేసవిలో శనివారం సాయంత్రాలు వాయించాలి. అప్పటిలాగే నీలం కోటు వేసుకోవాలి. అప్పటి బాణీలే వాయించాలి. చివర రేడియోలో మోగిన ఆ ఒక్కటీ, రికార్డులో ఉన్నట్టే, ఒక్క మీటు అటూ ఇటూ కాకుండా.

"విసుగనిపిస్తే క్విట్ చేసేయొచ్చుగా," అన్నారు మా వారు జగన్మోహన్ రావు.

"చేస్తే బాత్రూంలో వాయించుకోవాలి మిస్టర్ రావ్. అక్కడ సౌండ్ బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ టెనెంట్లు కంప్లైంట్ చేస్తారు. ఆ కంప్లైంట్ తీసుకోవాల్సింది కూడా నేనే."

నవ్వారు గానీ, పట్టీని వేలితో సవరించుకుంటూనే ఉన్నారు. ఆయన దగ్గర కొత్త బాణీ ఒకటి ఉంది. పోయిన స్నేహితుణ్ణి తలుచుకుంటూ ఏళ్ళ తరబడి కట్టుకున్నది. కిందటి వేసవిలో ఒకసారి మధ్యలో మొదలుపెడితే, "అదెప్పుడు వాయిస్తావ్?" అని జనం కేకలేశారు. యజమాని వచ్చి స్పీకర్ స్విచ్ ఆపేశాడు. ఇప్పుడేమో సెప్టెంబరులో మణికట్టుకు ఆపరేషన్. వేళ్ళు కదులుతాయి గానీ ఆ వేగం మళ్ళీ రాదని డాక్టరు ముందే చెప్పాడు.

"ఒక్కసారి ఎవరిముందైనా వాయించాలి మేడమ్. అంతకన్నా ఏమీ లేదు," అన్నారు, రెంచీ పెట్టెలో సర్దుకుంటూ.

ఆ ఆదివారం మేం హారతిచ్చి మంగళం పాడి లేస్తుంటే ఆయన దగ్గరికొచ్చారు.

"ప్రతిసారీ ఈ పాట దగ్గరే ఆపేస్తారెందుకు?"

"అది మంగళమండీ. అదయ్యాక ఇంక పాడం."

"పాడితే?"

మా స్నేహితురాలు విజయశ్రీ అందుకుంది. "పాడకూడదు. భోజనం ముగించి చెయ్యి కడుక్కున్నాక మళ్ళీ వడ్డిస్తారా ఎవరైనా?"

"నా పాత బాణీ కూడా అలాంటిదే," అన్నారాయన. "అది వాయించానంటే అందరూ లేస్తారు. ఇంక నేను ఏం వాయించినా హోటలాయన పట్టించుకోడు. వినేది కుర్చీలే గనక."

ఆ ఖాళీలో కొత్తది వాయించొచ్చన్న ఆలోచన ఆయనతోపాటు నాకూ తట్టింది.

"కుర్చీల్లో మేం కూర్చుంటాం లెండి," అన్నాను.

శాంటా క్రూజ్ వెళ్తుంటే కారులో మా వారు ఊరుకోలేదు. "మంగళం అయ్యాక కదలకుండా కూర్చుంటావన్నమాట. మీ నాన్నగారు వింటే?"

"రూబెన్ గారు మంగళం దేవుడికి పాడుతున్నారా ఏమిటి? పాపం, ఆయనకే పాడేశారు జనం. మీరు రోడ్డు చూసి నడపండి."

వెనక సీట్లో విజయశ్రీ పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, "తప్పయితే ముగ్గురం పంచుకుందాం," అంది.

ఆగస్టు ఆఖరి శనివారం అది. ఇంకా ఎండ ఉంది. నీలం కోటు ఆయనకి పొట్ట దగ్గర బిగుసుకుపోయి, గుండీలు పెట్టుకోవడానికి రాక తెరిచి ఉంది. చివర ఆ బాణీ మొదలవగానే జనం గంతులేశారు. ఆ వేగానికి మీటే చెయ్యి కంటికి ఆనలేదు. ముఖం మాత్రం, రద్దీలో బస్సుకోసం నిలబడినవాడి ముఖంలా ఉంది. అయిపోయింది. చప్పట్లు కొట్టారు, లేచారు, వెళ్ళిపోయారు. మేం ముగ్గురం కూర్చునే ఉన్నాం. లోపల్లోపల రామనామం అనుకుంటున్నాను.

ఆయన కొత్తది మొదలుపెట్టారు. నాలుగు మీట్లు పడ్డాయో లేదో శబ్దం తెగిపోయింది.

"క్లోజింగ్ టైమ్, రూబెన్," అన్నాడు యజమాని స్విచ్ దగ్గర నిలబడి. కోపం కూడా లేదు అతని గొంతులో.

రూబెన్ గారు గిటారుకున్న కరెంటు వైరు పీకేసి, వేదిక దిగి, అంచుమీద కూర్చుని వాయించారు. స్ప్రింగుల పెట్టె లేకపోతే ఆ గిటారు మోత ఎంతని. సీసాలో పడ్డ తుమ్మెద అంత. కుర్చీలు దగ్గరికి జరుపుకుని, తలలు వంచి విన్నాం. కుర్చీలు ఈడుస్తున్న వెయిట్రెస్ అమ్మాయి అది చూసి, ఒక్కొక్కటే ఎత్తి చప్పుడు కాకుండా పేర్చడం మొదలుపెట్టింది. బాణీ నడుమ ఆయన చెయ్యి పరుగందుకుంది. చివరికొచ్చేసరికి మణికట్టు పట్టేసి, ఆఖరి మీటు వేలిగోటితో వేశారు.

"విన్నారా?" అని అడిగారు.

"విన్నాం," అన్నాను. విజయశ్రీ డబ్బా మూత తీసింది. వెయిట్రెస్ అమ్మాయికి కూడా పెట్టాం.

మరుసటి వేసవికి ఆయన మళ్ళీ ఆ వేదికమీదే ఉన్నారని విని వెళ్ళాం. చెయ్యి బాగైంది కాబోలు అని సంతోషించాను. అదే నీలం కోటు. అదే బాణీ, అదే వేగం. ఒక్క మీటు తేడా లేదు. అంతలో ఆయన మమ్మల్ని చూశారు. గిటారు వదిలేసి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు.

బాణీ ఆగలేదు. వెనక టేపు తిరుగుతోంది. జనం గంతులేస్తూనే ఉన్నారు.

చేతులు దింపి, మళ్ళీ తీగలమీద ఆడించడం మొదలుపెట్టారు. బాణీ అయ్యాక అందరూ లేచారు. మేం కూర్చునే ఉన్నాం.