నేను తొంభైరెండు మార్కులేసిన సినిమా

ఆ రోజుల్లో ఒక సినిమాకు మార్కులు వేయడమంటే, ఇప్పటిలా మంచం మీద పడుకుని ఫోన్లో నాలుగు నక్షత్రాలు నొక్కి అటు తిరిగి పడుకోవడం కాదు. వేసిన మనిషి ఆ మార్కుల పక్కన నిలబడాలి. ఎండలో, జనం మధ్య, అడిగిన ప్రతివాడికీ జవాబు చెబుతూ. నేను నిలబడ్డాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా కోదాడ చిన్నమ్మ పాతికేళ్లుగా ప్రతి పెళ్లిలోనూ ఇంకో కథ చెబుతోంది. కొత్తగా వచ్చిన కోడళ్లను వరసగా కూర్చోబెట్టుకుని, నా వైపు వేలు చూపించి, "ఇదుగో, ఇదేనమ్మా! ఒక్క సినిమాకి తొంభైరెండు మార్కులేసి మా అన్నయ్య టాకీసుని వడ్ల గోడౌన్ చేయించిన మహాతల్లి!" అంటుంది. కోడళ్లు నవ్వుతారు. నేను నవ్వను. టాకీసు గోడౌన్ అయిన మాట నిజం, నేను తొంభైరెండు వేసిన మాట కూడా నిజమే. కానీ ఈ రెండు నిజాల మధ్య నాలుగేళ్లున్నాయి. చిన్నమ్మ ఆ నాలుగేళ్లను పులిహోరతో పాటు మింగేస్తుంది.

అసలు జరిగింది ఇది. మా మేనమామ నేరేడుచర్లలో ఒక టాకీసు కిరాయికి తీసుకుని నడిపేవాడు. రేకుల కప్పు, ముందు బెంచీలు, వెనక కుర్చీలు, ఎడమ పక్కన నడుమెత్తు గోడ కట్టి ఆడవాళ్లకు వేరే బెంచీలు. కొత్త సినిమాలు ముందు సూర్యాపేటకూ కోదాడకూ మిర్యాలగూడకూ వచ్చేవి. అక్కడ ఆడి, అరిగి, రెండు మూడు చోట్ల తెగి అతుకులు పడి, చివరికి రీలు డబ్బాల్లో మిర్యాలగూడ బస్సు టాపు మీదెక్కి నేరేడుచర్ల చేరేసరికి నెలో రెండు నెలలో అయ్యేది. మామకు దీని మీద ఏ చింతా లేదు. "మనం ఎంగిలి సినిమాలు ఆడిస్తం కోడలా. ఎంగిలైతేనే మంచిది, రుచి ముందుగాల్నే తెలుస్తది" అనేవాడు. ఆ రుచి చూసి చెప్పడానికి ఇద్దరిని పెట్టుకున్నాడు. కోదాడలో చిన్నమ్మ, సూర్యాపేట హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న నేను. శుక్రవారం సినిమా చూడాలి, మర్నాడు కార్డు రాయాలి. అంతే పని.

చిన్నమ్మ కార్డులన్నీ ఒక్కలాగే ఉండేవి. "అన్నయ్యా, సినిమా చాలా బాగుంది. ఎనభై." (ఫ్యాను కింద సీటు దొరికితే ఎనభై. దొరక్కపోతే డెబ్భై అయిదు. మనిషి చచ్చిపోయే సినిమా అయినా, మనిషిని చంపే సినిమా అయినా అంతే.) అందుకని మామ పూర్తిగా నా మీదే ఆధారపడ్డాడు. కాకపోతే నాకు మూడు ప్రశ్నలిచ్చాడు. "ఒకటి, ఆడోళ్లు కొంగుతోని కండ్లు తుడుసుకున్నరా? రెండు, పాటలకు ఎంతమంది బయటికి పోయిన్రు? మూడు, ఇంటర్వెల్ల బయటికి పోయినోళ్లు మళ్ల లోపలికొచ్చిన్రా? గీ మూడు రాయి సాలు. నీ అభిప్రాయం నీ కాడనే పెట్టుకో, బిడ్డా."

ఈ చివరి మాట నాకు ఎక్కడో తగిలింది. బి.ఏ. చదువుతున్నదాన్ని, వక్తృత్వపు పోటీల్లో మూడు స్టీలు గిన్నెలు గెలుచుకున్నదాన్ని, నా అభిప్రాయం నా దగ్గరే పెట్టుకోవడమా? మూడు ప్రశ్నలకూ జవాబులు రాసి, కింద కొట్టొచ్చినట్టు కనబడేలా నూటికి ఇన్ని అని మార్కులు కూడా వేసి పంపేదాన్ని. మా కాలేజీలో అరవై దాటితే హాస్టలంతా మిఠాయి పంచాల్సిందే. ఆ లెక్కనే సినిమాలకూ దిద్దేదాన్ని. ఒకదానికి ముప్ఫై, ఒకదానికి పద్దెనిమిది. ఒక పెద్ద హీరో సినిమాకు ముప్ఫై నాలుగు వేసి, ఒక్క మార్కులో ఫెయిలు చేసి, ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాను.

ఆ ఏడు కోతల కాలం వచ్చింది. వరి కోతలప్పుడు నేరేడుచర్ల మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరేవి. వడ్లు దించుకునే వంతు రావడానికి ఒక్కోసారి రెండ్రోజులు పట్టేది. ఆ రైతులు, వాళ్ల వెంట వచ్చిన వాళ్లు, హమాలీలు, అందరికీ దగ్గరున్న ఒకే ఒక నీడ మా మామ టాకీసు. టాకీసు జాగా మాత్రం ఒక మిల్లు పెద్దాయనది. ఆయనకు బస్తాలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు. మామను పిలిచి కచ్చితంగా చెప్పాడు. "కోతలప్పుడు గూడ జనం రాకుంటె ఇంకెప్పుడొస్తరయ్యా? వచ్చే వారం సూస్త. బెంచీల మీద మనుషులు కూసుంటె ఇంకో ఏడు నీది. లేకుంటె నా బస్తాలు కూసుంటయి."

మామ సూర్యాపేట వచ్చి హాస్టలు గేటు దగ్గర నిలబడి ఈ మాట నాకు చెప్పాడు. మిర్యాలగూడలో రెండు సినిమాల డబ్బాలు సిద్ధంగా ఉన్నాయి, రెండూ చూసి ఏది తేవాలో నన్నే కార్డు రాయమన్నాడు. ఒకటి నాగుపాము సినిమా. ఆ పాము ఆడపడుచును, అత్తను, చివరికి పోలీసులను కూడా సరైన దారిలో పెడుతుంది. నేను దానికి ఇరవైరెండు వేశాను. రెండోదాని పేరు చెప్పను, చెబితే మళ్లీ గొడవ. ఒక అమ్మాయి చిన్న రైల్వే స్టేషన్లో ఒకరి కోసం ఎదురుచూస్తుంటుంది. వాన పడుతుంది. ఆగుతుంది. మళ్లీ పడుతుంది. హీరో సినిమా మొత్తంలో పదకొండు మాటలు మాట్లాడతాడు. (లెక్కపెట్టాను.) నేను బయటికొచ్చి సూర్యాపేట బస్టాండు దాకా ఎవరితోనూ మాట్లాడకుండా నడిచాను. నాకు అది ఎంత కష్టమో నన్నెరిగిన వాళ్లకు తెలుసు.

తొంభైరెండు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకుంటాను, చిన్నమ్మకు తెలియని తప్పు. ఆ రోజు హాల్లో సగం మంది ఇంటర్వెల్లో బయటికి పోయి తిరిగి రాలేదు. నా పక్కనావిడ కొంగుతో కళ్లు తుడుచుకోలేదు, కొంగు కప్పుకుని గురకపెట్టింది. అదంతా నేను చూశాను. కానీ కార్డు మీద మామ మూడు ప్రశ్నలకు జవాబు రాయలేదు. తొంభైరెండు అని రాసి కింద రెండు గీతలు గీశాను. చూసింది రాయకుండా నచ్చింది రాశాను. మామ నన్ను నమ్మి పామును వదిలేసి రైలును తెచ్చుకున్నాడు.

శుక్రవారం మ్యాట్నీకి నేను గర్వంగా బస్సెక్కి నేరేడుచర్ల పోయాను. బెంచీలు బాగానే నిండాయి. ఇంటర్వెల్ అయింది. లైట్లు వెలిగాయి. ఒక నిమిషం ఎవ్వరూ లేవలేదు. అది మెప్పు అనుకున్నాను. తర్వాత ముందు బెంచీలోంచి ఒక పెద్దాయన లేచాడు. పెన్‌పహాడ్ వైపు గొర్లు మేపుకునే మనిషి, భుజాన గొంగడి, చేతిలో కర్ర. మామ దగ్గరికొచ్చి చాలా మర్యాదగా అడిగాడు.

"అయ్యా, ఒక్క మాట. ఆ రైలొస్తదా, రాదా? రాకుంటె రాదని జెప్పుండ్రి. నా గొర్లు గాడ చెల్క కాడ ఉన్నయి, తోలుకోని పోత."

హాలంతా గొల్లుమంది. అందరూ మామ మీద పడ్డారు. పక్కూళ్లో పాము సినిమా ఆడుతోందట, ట్రాక్టర్లు కట్టుకుని పోతున్నారట, ఇక్కడేమో ఈ వాన! మామ పరేషాన్ అయిపోయి చెయ్యెత్తి నా వైపు చూపించాడు. "నన్నడగకుండ్రి! అగో, మా కోడలు. తొంభైరెండు మార్కులేసింది. ఆమెనే అడుగుండ్రి!"

పిరికి మేనకోడలైతే ఆడవాళ్ల బెంచీల కింద దూరేది. నేను మెట్టెక్కి నిలబడ్డాను. "రైలు రావడం కాదు ముఖ్యం, ఎదురుచూడటమే కథ" అన్నాను, వక్తృత్వపు గొంతుతో. ఒక రైతు తువ్వాల దులుపుకుని లేచాడు. "ఎదురుసూసుడు మాకు తెల్వదా అమ్మ? నిన్న పొద్దుగాల సంది మిల్లు ముంగట ట్రాక్టర్ పెట్టుకోని ఎదురే సూస్తున్నం. మళ్ల దానికి టికెట్ కొని సూడాల్నా?"

నిజం చెప్పాలంటే అంతకన్నా మంచి విమర్శ నేను ఈనాటి వరకూ ఏ పేపర్లోనూ చదవలేదు. అప్పుడు మాత్రం ఒప్పుకుంటానా? "మరి మీ గురించే కదన్నా తీసింది! మీ బతుకు తెర మీద కనబడితే మీకే బోరు కొడితే ఎట్లా? పాము వచ్చి మీ వడ్లు దించుతదా?" అన్నాను. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో "గట్ల అడుగు బిడ్డా!" అన్నారు. ఇంకెవరో "పామే నయం, పనన్న జేస్తది" అన్నారు. ఇంటర్వెల్ పది నిమిషాలు ముప్పావు గంటయింది. ఆపరేటరు రెండుసార్లు బెల్లు కొట్టి, వినేవాడు లేక, తనూ వచ్చి వాదనలో చేరాడు. (ఆయన నా పార్టీ కాదు.)

ఆట అయిపోయాక ఆ రైతు పోతూ పోతూ అన్నాడు. "సినిమా ఏం లేదు గని, నువ్వు రేపు గూడ ఉండు. మా తమ్ముణ్ని తోలుకొస్త. ఆడు నాకన్న గట్టోడు, ఆనితోని మాట్లాడు."

ఆ మాట మామ చెవిన పడింది. మర్నాడు గుమ్మానికి అటొకటి ఇటొకటి ఖాళీ నూనె డబ్బాలు పెట్టాడు. ఒకదాని మీద సుద్దతో 'బాగుంది', ఇంకోదాని మీద 'బాగలేదు'. చూసి బయటికొచ్చేవాళ్లు చేతిలోని సగం టికెట్టు ముక్క ఏదో ఒక దాంట్లో వేయాలి. వేసేటప్పుడు అక్కడ నేనుంటాను. సూడకుండ మాట్లాడేది లేదు, అది మామ షరతు. ఇంకేముంది, నాతో కొట్లాడటానికి సినిమా చూశారు జనం! మా ఊరు చివ్వెంల నుంచి అమ్మ కూడా వచ్చి బస్సు దిగింది, కాలేజీ ఎగ్గొట్టావని నాలుగు తగిలించడానికి. మామను చూసి తగ్గి, నన్ను పక్కకు లాగి, "వాని పని అని సినిమాలకు తోలిచ్చిన. టాకీసు మూతపడ్డదా, నీ సినిమాలు గూడ మూతే. ఇగ సదువు, ఇల్లు, ఖతం. తెలిసిందా?" అంది. టాకీసుతో పాటు నా శుక్రవారాలు కూడా ఆ డబ్బాల మధ్యే వేలాడుతున్నాయన్నమాట. గొంతు బొంగురుపోయేదాకా వాదించాను. అత్తమ్మ మిరియాల పాలు ఇచ్చేది, తాగి మళ్లీ వాదించేదాన్ని.

గురువారం, చివరి మ్యాట్నీకి మిల్లు పెద్దాయన వచ్చాడు. వెనక కుర్చీలో కూర్చున్నాడు. మధ్యలో తిరిగి చూశాను, తల వాల్చి హాయిగా నిద్రపోతున్నాడు. నా శుక్రవారాలన్నీ కళ్ల ముందే రైలెక్కి పోతున్నట్టనిపించింది. ఆట అయింది. ఆయన గుమ్మం దగ్గరికొచ్చి, అందరూ చూస్తుండగా, టికెట్టు ముక్కను 'బాగలేదు' డబ్బాలో వేశాడు. ఒక వేలితో లోపలికి నొక్కాడు కూడా, అప్పటికే అది నిండిపోయి ఉంది మరి.

"ఇంత దరిద్రపు సినిమా నేను సూడలే" అన్నాడు మామతో. మామ మొహం వడలిపోయింది. "గని సినిమా సూసి పోకుంట గింతమంది నిలవడి మాట్లాడుకునుడు గూడ నేనెన్నడు సూడలే. బస్తాలు ఏడనన్న పెట్టుకుంట గని, నువ్వు నడిపియ్యి. ఈ పిల్లను మాత్రం జర కాలేజీకి తోలు."

టాకీసు ఇంకో ఏడు మామదే అయింది. ఆ తర్వాత మూడేళ్లూ కూడా. ఆ పైన ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది, అందరూ ఇంట్లోనే పాములను చూసుకున్నారు, అప్పుడు వచ్చాయి బస్తాలు. చిన్నమ్మా, చదువుతున్నావు కదా? కేబుల్ నేను పెట్టించలేదు.

ఇప్పుడు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ప్రతి శుక్రవారం మార్కులు పడతాయి. చిన్నమ్మ అన్నింటికీ ఎనభై వేస్తుంది, ఇప్పుడామెకు ఏసీ కూడా ఉంది. నేను ముప్ఫై ఎనిమిది వేస్తే పిల్లలు నవ్వే బొమ్మలు పెడతారు, వాదించేవాడు ఒక్కడూ లేడు. సూర్యాపేటలో ఉన్న మామ మాత్రం కంటి ఆపరేషన్ అయ్యాక కూడా వాయిస్ మెసేజ్ పంపిస్తాడు. "మార్కులు సరే కోడలా, పక్కన ఎవలన్న ఏడ్చిన్రా?" ఏం చెప్పను? ఫోన్లో సినిమా చూసేదానికి పక్కన ఎవరుంటారు?

ఇంకొక్క సంగతి. ఆ గురువారం ఆట అయ్యాక నేనూ మామా డబ్బాలు నేల మీద గుమ్మరించాం. 'బాగలేదు' కుప్ప నా మోకాలెత్తు వచ్చింది. 'బాగుంది' కుప్ప చాటలో పట్టేంత. ఆ చిన్న కుప్పలో ఆరు ముక్కలు మాత్రం వేరుగా ఉన్నాయి. ఆరూ ఆడవాళ్ల బెంచీల గులాబీ రంగు మ్యాట్నీ టికెట్లే, ఆరూ అగరొత్తిలా సన్నగా చుట్టి ఉన్నాయి. విప్పి తేదీలు చూస్తే, డబ్బాలు పెట్టిన శనివారం నుంచి రోజుకొకటి. నేనే వేసుకున్నానంటుంది చిన్నమ్మ. తోబుట్టువు బిడ్డకు మా మామ ఏనాడైనా టికెట్టు కొట్టాడా? అమ్మకూ అత్తమ్మకూ కూడా కొట్టలేదు, మేమంతా ఊరికే చూసేవాళ్లం. ఎవరో ఒకావిడ, కోతల రోజుల్లో, పని మానుకుని, ఆరు మధ్యాహ్నాలు వచ్చి ఆ వానను చూసింది. నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా, ఆ గోలలో నా ముందు నుంచే నడిచిపోయింది.

అమ్మా, మీరెవరో నాకు తెలియదు, ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. ఇది మీ కంటపడితే ఒక్క మాట చెప్పండి. మీకు ఆ సినిమా నిజంగానే నచ్చిందా, లేక మెట్టు మీద గొంతు చించుకుంటున్న ఆ పిల్లను చూసి జాలి పడ్డారా?